నీలలోకం తలుపు

కోరుట్లలో బీడీలు చేసే ఆడవాళ్లు పొద్దంతా సీరియళ్లు చూస్తారని మగవాళ్లు ఎగతాళి చేస్తుంటారు. ఆ మాట అనేవాళ్లు ఒక్కనాడైనా వాళ్ల పక్కన కూర్చున్న పాపాన పోలేదు. బీడీలు చేసే మనిషి సీరియల్ చూడదు, వింటుంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. కళ్లు ఆకు మీద నుంచి తీస్తే ఆకు చిరుగుతుంది, లేదంటే బీడీ మూతి సరిగా మడత పడదు. అలాంటి బీడీని కార్ఖానాలో తీసి అవతల పారేస్తారు. అందుకని కళ్లు చేతులకు అప్పగించి, చెవులు టీవీకి అప్పగించి కూర్చుంటారు.

మరి మాటలు లేని చోట ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? దానికి హఫీజా బేగం ఉంది, అందరికీ ఆపా, అంటే అక్క.

వాళ్లంతా కూర్చునేది ఆమె ఇంటి వసారాలోనే. ఒకప్పుడు హఫీజా కూడా బీడీలు చేసింది. తంబాకు ఘాటుకు దగ్గు పట్టుకోవడంతో మానేసి కుట్టుమిషన్ పెట్టుకుంది. మధ్యాహ్నం సీరియల్ మొదలవగానే మిషన్ ఆపి, తల ఎత్తి చూసేది ఆమె ఒక్కతే. చూసింది చూసినట్టు చెప్పడం ఆమె వంతు. "ఇగో, రాణి లోపటికచ్చింది. గా ముసలోడు గిన్నెల ఏందో కలుపుతుండు. రాణి సూస్తలేదు." అంతే, ఒక్క మాట ఎక్కువ చెప్పదు, తక్కువ చెప్పదు. ఆమె చెప్పిందే వాళ్లందరికీ బొమ్మ. నిజంగా అలాగే ఉందా అని ఎవరూ తల ఎత్తి చూసుకోలేదు, ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ వసారాలో గోడ వారన కూర్చునే మనిషి బాలలక్ష్మి. రుద్రంగిలో కూలి చేసుకుని బతికే ఇంట్లో పుట్టింది. పలక పట్టాల్సిన వయసులో చాట పట్టింది. కోరుట్ల భాస్కర్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. భాస్కర్ చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనలేదు. నవ్వుతూ ఉండేవాడు, పెళ్లాం వేళ్లు నొప్పి పుడితే చాయ్ తానే పెట్టేవాడు, పాప ప్రణీతను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని బజారంతా తిప్పేవాడు. అందరూ పోయినట్టే అతనూ గల్ఫ్ పోయాడు. మొదట్లో శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. కొన్నాళ్లకు కంపెనీ విడిచి బయటపడ్డాడని తెలిసింది. అలా కాగితాలు లేకుండా తిరిగే మనిషిని ఇక్కడ ఖల్లివెల్లి అయ్యాడంటారు. ఖల్లివెల్లి అయినవాళ్లు ఏదో ఒకనాడు దొరుకుతారు, ఎవరో ఒకరు విమానం ఎక్కిస్తారు. భాస్కర్ దొరకలేదు. ఫోన్ రాలేదు. ఏళ్లు గడిచిపోయాయి.

మెడలో పుస్తె ఉంది, కాళ్లకు మట్టెలు ఉన్నాయి, మొగుడు లేడు. పోయాడనడానికి శవం రాలేదు, ఉన్నాడనడానికి గొంతు వినబడలేదు. పెళ్లిళ్లలో పసుపు కుంకుమ పళ్లెం ఆమె ముందుకు వచ్చేసరికి పట్టుకున్న మనిషి చెయ్యి కాస్త తడబడేది. ఇవ్వాలో వద్దో తెలియని ఆ తడబాటే బాలలక్ష్మికి అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెట్టేది. దానికంటే ఇవ్వకుండా పోయినా బాగుండు అనుకునేది. రానురాను పెళ్లిళ్లకు పోవడం మానుకుంది.

ఆ రోజుల్లో వసారాలో నడుస్తున్న సీరియల్ నీలలోకం కథ. జయకేతు అనే రాజకుమారుడు వేటకు పోయి ఒక చెరువులో మునుగుతాడు. నీళ్ల అడుగున ఇంకో లోకం. అక్కడ సూర్యుడు ఉండడు, అయినా అందరి నగలు తళతళ మెరుస్తుంటాయి, అదెలాగో ఆ సీరియల్ తీసినవాళ్లను అడగాలి. ఒడ్డున అతని భార్య చారుమతి ఎదురుచూస్తుంటుంది. రెండు లోకాల మధ్య ఒక తలుపు ఉంది. పైన ఉన్నవాళ్లు జయకేతు చనిపోయాడని గడ్డిబొమ్మ చేసి కాల్చనంతవరకు ఆ తలుపు తెరిచి ఉంటుంది. కాలిస్తే మూసుకుంటుంది. ఎపిసోడ్‌కు ఒకసారి ఎవరో ఒకరు ఈ సంగతి గుర్తుచేస్తారు, మరిచిపోయే వీలు లేదు. మిగతా ఆడవాళ్లు ఆ కథకు నవ్వేవాళ్లు, అందులోని దుష్ట మంత్రిని తిట్టేవాళ్లు. బాలలక్ష్మి ఏమీ అనేది కాదు. కానీ జ్వరం వచ్చిన నాడు కూడా ఆ వేళకు చాట పట్టుకుని వచ్చి గోడ వారన కూర్చునేది.

ఇలా ఉండగా ఆమె అత్త లక్ష్మవ్వ తిండి మానేసింది. ఒక పూట జొన్న గటక రెండు బుక్కలు మింగితే రెండో పూట అదీ లేదు. జగిత్యాల పెద్ద దవాఖానకు తీసుకుపోతే రోగమేమీ లేదు, తినిపించండి అని పంపించారు. బస్సులో తిరిగి వస్తూ ముసలామె కోడలి చెవిలో చెప్పింది.

"కలలకచ్చిండు బిడ్డా. ఆకలైతుందే అవ్వా అన్నడు. సచ్చినోనికి పిండం పెట్టకపోతె ఆకలితోని తిరుగుతడట. నా కొడుకు ఆకలితోని తిరుగుతుంటె నాకెట్ల మింగుడు పడ్తది?"

ఆ మాట విని పెద్దకొడుకు ముత్తయ్య సిరిసిల్ల నుంచి వచ్చాడు. అతను అక్కడ సాంచాల మీద పనిచేస్తాడు, ఆ మరమగ్గాల చప్పుడుకు అలవాటుపడి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడాడు.

"అచ్చే ఐతారం ధర్మపురి పోదాం. గడ్డితోని బొమ్మ చేసి, వాని అంగి తొడిగి, గోదారి ఒడ్డున కాలవెట్టి పిండం పెడ్దాం. పంతులును అడిగిన. శవం దొరకనోళ్లకు గట్లనే చేస్తరట. అవ్వ బతకాలంటె గదొక్కటే తొవ్వ. నువ్వేమంటవు బాలలచ్చిమి?"

బొమ్మ కాలిస్తే పుస్తె మట్టెలు తీయాలి. ఆ సంగతి అతను అనలేదు, అనకపోయినా అందరికీ తెలుసు. గోడకు తిరిగి పడుకున్న అత్త ఎముకల గూడులాగా ఉంది. బాలలక్ష్మి పెట్టె తీసి భాస్కర్ అంగీ ఒకటి బయట పెట్టింది.

"నీ ఇష్టం బావా," అన్నది.

ఆ వారంలోనే వచ్చింది ఆ ఎపిసోడ్. మంత్రి గడ్డిబొమ్మ చేయించాడు. చెరువు గట్టున చితి పేర్చాడు. చారుమతి వద్దు వద్దని ఏడుస్తోంది. నిప్పు అంటుకున్న చప్పుడు వినిపించింది. "ప్రభూ, ఒక్కసారి ఇటు చూడండి" అని చారుమతి పిలిచింది. తర్వాత మాటలు లేవు. గాలి, గంటలు, ఒక వేణువు. వసారాలో చేతులన్నీ నెమ్మదించాయి. బాలలక్ష్మి చేతులు పూర్తిగా ఆగాయి, తల మాత్రం ఎత్తలేదు. అలవాటు అంత గట్టిది.

"ఏమైందాపా?" ఎవరో అడిగారు.

హఫీజా టీవీ మీద నుంచి కళ్లు తీసి బాలలక్ష్మి వంక చూసింది.

"చెప్పాపా, ఏం కనవడ్తుంది?"

"తలుపు మూసుకుంది," అన్నది హఫీజా.

"రాలేదా మరి?" ఈసారి అడిగింది బాలలక్ష్మి.

"వస్తుండె బిడ్డా. కడప మీద కాలు వెట్టిండు. గప్పుడే మూసుకుంది. బొమ్మ కాలింది గద."

అని సీరియల్ ఇంకా అయిపోకముందే మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆమె ఎప్పుడూ అలా చేసేది కాదు. కానీ ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

బాలలక్ష్మి ఇంటికి పోయి అంగీని మళ్లీ పెట్టెలో పెట్టింది. సిరిసిల్ల తిరిగిపోయిన ముత్తయ్యకు ఫోన్ చేసి ఆదివారం ధర్మపురి పోవద్దని చెప్పింది. ఎందుకని అడిగితే, దాచుకోవడం చేతకాక, ఉన్నదున్నట్టు చెప్పింది.

"బొమ్మ కాలవెడ్తె తొవ్వ మూసుకుంటది బావా. ఆయన బయలెల్లే ఉన్నడేమో. మనం ఓపిక పట్టకుంట మూసేస్తె పాపం మనదే."

"సీరియల్ల చూసి చెప్తున్నవా గీ ముచ్చట?" అన్నాడు ముత్తయ్య. అతను ఫోన్ పెట్టేశాడు.

నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. సీరియల్ అబద్ధమని బాలలక్ష్మికి తెలియక కాదు. నీళ్ల కింద లోకం ఉండదని చిన్నపిల్లకు కూడా తెలుసు. కానీ ఏళ్ల తరబడి ఎవరూ ఆమెతో ఇంకా తలుపు తెరిచి ఉందని అనలేదు. ఆ ఒక్క మాట ఎక్కడి నుంచి వచ్చినా ఆమెకు కావాలి. టీవీలోంచి వచ్చింది, పట్టుకుంది.

శనివారం పొద్దున్నే ముత్తయ్య రానే వచ్చాడు, చంకలో వరిగడ్డి మోపుతో సహా. లక్ష్మవ్వ రెండు రోజులుగా నీళ్లు తప్ప ఏమీ తాగలేదు. ప్రణీత కాలేజీకి పోకుండా నాయనమ్మ పక్కనే కూర్చుంది.

"అమ్మా, గిట్లయితె బాపమ్మ మనకు దక్కదు," అన్నది ప్రణీత. కోపంగా కాదు, భయంగా అన్నది.

"నీ సీరియల్ కోసం మా అవ్వను సంపుతవా?" అన్నాడు ముత్తయ్య.

బాలలక్ష్మికి ఎప్పుడూ రాని పంతం వచ్చింది. "ప్రణీతా, గా ఎపిసోడ్ నీ ఫోన్ల పెట్టు. బావను సూడుమను. మనిషి కడప దాక అచ్చినంక ఎట్ల మూసుకున్నదో సూడుమను," అన్నది.

ప్రణీత వెతికి పెట్టింది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చూశారు. పెళ్లయినప్పటి నుంచి చేతుల్లో పని లేకుండా బాలలక్ష్మి ఒక సీరియల్‌ను కళ్లతో చూడటం అదే మొదలు. మంటలు లేచాయి. చారుమతి పిలిచింది. గాలి, గంటలు, వేణువు. తలుపు కనిపించింది. బొమ్మ కాలినా అది మూసుకోలేదు, రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. గడప మీద జయకేతు నిలబడి ఉన్నాడు. అతని వెనక ఒక ఇల్లు, ఇంటి ముందు ఒక ఆడమనిషి. ఒక చిన్నపాప అతని చిటికెన వేలు పట్టుకుని ఉంది. అతను ఇటు చూశాడు. చారుమతిని చూశాడు, గుర్తుపట్టాడు. చాలాసేపు చూసి, పాపను ఎత్తుకుని వెనక్కి మళ్లిపోయాడు. తలుపు అలా తెరిచే ఉంది.

"ఏదీ? ఎక్కడ మూసుకున్నది?" అన్నాడు ముత్తయ్య.

బాలలక్ష్మి మళ్లీ పెట్టమన్నది. మళ్లీ చూసింది. అతను మళ్లీ వెనక్కి మళ్లిపోయాడు. ఆమె లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా హఫీజా ఇంటికి నడిచింది.

శనివారం కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే రోజు కాబట్టి వసారా ఖాళీగా ఉంది. హఫీజా మిషన్ ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"ఆపా, తలుపు మూసుకోలేదు," అన్నది బాలలక్ష్మి.

హఫీజా చేతిలో దారం సూదిలోకి పోలేదు. ఆమె మళ్లీ ప్రయత్నించలేదు.

"లేదు బిడ్డా. మూసుకోలె."

"మరి మూసుకుందని ఎందుకన్నవు? తల దించుకొని పని చేసుకునేది మేం నిన్ను నమ్మి ఆపా."

హఫీజా స్టూలు మీద నుంచి దిగి కింద, ఆమె ఎదురుగా కూర్చుంది. తలమీద ఓణీ సర్దుకుంది. ఏదో ఒకనాడు చెప్పక తప్పదని తెలిసిన మనిషిలాగా, తొందర లేకుండా చెప్పింది.

"పోయిన రంజాన్‌కు మా కొడుకు జుబేర్ గల్ఫ్ నుంచి అచ్చిండు గద. ఆడు చూసిండు మీ ఆయనను. మస్కట్ దిక్కు ఓ చిన్న హోటల్ల పని చేస్తుండట. ఓ ఆమెతోని ఉంటుండు. ఓ పాప ఉన్నది. జుబేర్ రోడ్డు మీద చూసి, భాస్కరన్నా అని పిలిచిండు. తిరిగి చూసిండట. గుర్తువట్టిండట. పాపను ఎత్తుకొని గల్లీలకు మలిగి పోయిండట. గంతే. నీకు చెప్పొద్దని జుబేర్ కసమ్ పెట్టిండు, ఒట్టేయించుకున్నడు. కసమ్ లేకున్నా నాకు నోరు రాకపోతుండె. నువ్వు మంచిగున్ననాడు చెప్పబుద్ది కాలె. నువ్వు బాదల ఉన్ననాడు అస్సలు చెప్పబుద్ది కాలె. మొన్న టీవీల ఆడు గట్లనే మలిగి పోతుంటె నా పానం జల్లుమన్నది. నువ్వు ఏమైందని అడుగుతున్నవు. నేనేం చెప్పాలె?"

బాలలక్ష్మి గోడకు ఆనుకుంది.

"ఎట్లున్నడట?"

"లావైండట."

ఆ మాటకు బాలలక్ష్మికి కోపం వచ్చింది. ఇన్నేళ్లలో రాని కోపం, కాళ్ల నుంచి తల దాకా వచ్చింది. జబ్బు పడో, జైల్లో పడో, ఇసుకలో దారి తప్పో మనిషి నలిగిపోతున్నాడని ఆమె ఎన్నో రకాలుగా ఊహించుకుంది. లావయ్యాడని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. "ఒక్క ఫోన్ చేస్తె ఏంబోయె ఆపా," అన్నది. "రాను అని ఒక్క ముక్క చెప్తె ఏంబోయె." హఫీజా ఆమె చేయి పట్టుకుంది. బాలలక్ష్మి చేయి వెనక్కి తీసుకుని లేచింది. హఫీజా మీద కూడా కోపంగానే ఉంది. ఆ కోపం తగ్గుతుందో లేదో అప్పటికి ఆమెకు తెలియదు.

ఇంటికి పోయే దారి పొడవు ఎంతో లేదు. ఆ కాస్త దారిలోనే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. దాన్ని దాచిపెట్టి ఆమెను మంచిదని చెప్పడంలో అర్థం లేదు. నోరు మూసుకుంటే చాలు. పోదాం పద బావా అంటే చాలు. రేపు గోదావరి ఒడ్డున గడ్డిబొమ్మ కాలుతుంది, అత్త తింటుంది, ముత్తయ్య శాంతిస్తాడు. చచ్చినవాడి భార్యకు ఊళ్లో ఒక పేరు ఉంటుంది, కాస్త జాలి కూడా ఉంటుంది. వదిలేసి పోయినవాడి భార్యకు ఏముంటుంది? పైగా వాడు ఎక్కడో లావుగా తిరుగుతుండగా ఇక్కడ వాడి అంగీని కాల్చడం, ఆ ఊహే ఆమె కడుపుకు చల్లగా అనిపించింది. రెండు సందుల దాకా ఆ చల్లదనం ఉంది.

ఇంటి ముందుకు వచ్చేసరికి కిటికీలోంచి అత్త వీపు కనిపించింది. ఆ ముసలి ప్రాణం బతికున్న కొడుక్కు పిండం పెట్టి ఏడుస్తుంది, తాను పక్కన నిలబడి చూస్తుంటుంది. అది తనవల్ల కాదనుకుంది. ఒకరు తల దించుకుని నమ్మి అడిగితే, చూసినది చూసినట్టు చెప్పకపోతే ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడే తెలిసింది.

ముత్తయ్య అరుగు మీద గడ్డితో బొమ్మకు కాళ్లు కడుతున్నాడు. ఆమె లోపలికి పోయి అత్త మంచం పక్కన కింద కూర్చుంది. ప్రణీత కూడా అక్కడే ఉంది. పిల్ల వినకూడదని అనుకోలేదు. వినాలి.

"అత్తా, ఇటు మల్లు. ఆయన సావలేదు. మస్కట్‌ల ఉన్నడు. హఫీజాపా కొడుకు చూసిండు. ఇంకో ఆమెతోని ఉంటుండు. ఓ పాప ఉన్నది. పిలిస్తె చూసి మలిగి పోయిండట. రాడు."

ముత్తయ్య గడ్డి చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు. ప్రణీత తల్లి ముఖం వంక చూసి, తర్వాత ఎటు చూడాలో తెలియక నేలను చూసింది. లక్ష్మవ్వ మెల్లగా ఇటు తిరిగింది. కళ్లు గుంతల్లోంచి చూస్తున్నాయి. ఆమె ఆ ఆడమనిషి ఎవరని అడగలేదు, ఎందుకు రాడని అడగలేదు.

"తింటున్నడా?" అన్నది.

బాలలక్ష్మి మంచం దగ్గరికి జరిగింది.

"తింటున్నడు అత్తా. మంచిగ తింటున్నడు. లావైండట."

లక్ష్మవ్వ కళ్లు మూసుకుని చేతులు రెండూ ఛాతీ మీద పెట్టుకుంది. ఆమె ముఖంలోకి వచ్చిన నెమ్మది చూసి ముత్తయ్య వెనక్కి తిరిగాడు. అరుగు దిగి, కట్టిన కాళ్లు విప్పేసి, ఆ గడ్డినంతా పక్కింటి బర్రె ముందు వేసి వచ్చాడు. తమ్ముణ్ని ఒక్క మాట తిట్టలేదు, చేతులు మాత్రం చాలాసేపు కడుక్కున్నాడు.

"ఇంత బువ్వ పెట్టు బిడ్డా," అన్నది లక్ష్మవ్వ.

బాలలక్ష్మి అన్నం మెత్తగా పిసికి, చారు పోసి పళ్లెం ముందు పెట్టింది. ప్రణీత పట్టుకుని లేపి కూర్చోబెట్టింది. ముసలామె తన చేత్తోనే తింది. ఒక బుక్క, ఇంకో బుక్క. కొడుకు ఎక్కడో తింటున్నాడని నమ్మి, అతనితో పాటు కూర్చుని తింటున్నట్టే తింది. అత్తకు ఇంత సంతోషాన్ని ఇచ్చిన మాటే తన బతుకును నేలకు కొట్టిందని బాలలక్ష్మి అనుకుంది. అనుకుని, పళ్లెంలో ఇంకాస్త చారు పోసింది.

నాలుగో బుక్క దగ్గర లక్ష్మవ్వ చేయి ఆగింది. చేతిలో బుక్క అలాగే ఉండగా కోడలి మెడలో పుస్తె వంక, కాళ్ల మట్టెల వంక చూసింది. ఇందాకటి మాటలో మిగిలిన సగం ఆమెకు అప్పుడు అందినట్టుంది.

"నాకు కొడుకు దొరికిండు," అన్నది. "నీకేం దొరికింది బిడ్డా?"

లక్ష్మవ్వ చేతిలో ఉన్న బుక్కను తన నోటికి కాకుండా కోడలి నోటి దగ్గర పెట్టింది. పొద్దుటి నుంచి బాలలక్ష్మి కూడా ఏమీ తినలేదు. నోరు తెరిచి తీసుకుంది, కానీ మింగడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ముసలామె చేయి దించకుండా అలాగే కూర్చుంది.